లిస్టు ఇవ్వకుండా తెచ్చుకున్న నిధి: ఒక సొరోరిటీ కేసు

ఈ కేసులో సంఘం పేరు, కంపెనీ పేరు, ఊరు చెప్పను. అంకెలు కొద్దిగా మార్చాను, వాటి మధ్య నిష్పత్తి మాత్రం చెడకుండా చూశాను. అమెరికాలో చిన్న చిన్న లాభాపేక్ష లేని సంస్థలకు లెక్కలు, పన్నుల సలహా ఇవ్వడం నా వృత్తి. మన తెలుగు కుటుంబాల అమ్మాయిలు చాలామంది ఇక్కడి కాలేజీ సంఘాల్లో చేరుతున్నారు. పందొమ్మిదేళ్ళకే ట్రెజరర్లయి వేల డాలర్ల ఖాతాల మీద సంతకాలు పెడుతున్నారు. వాళ్ళకూ వాళ్ళ అమ్మానాన్నలకూ ఈ కేసు ఉపయోగపడుతుందనే రాస్తున్నాను. ఇందులో నేను చేసిన తప్పు కూడా ఉంది.

నేపథ్యం

సొరోరిటీ అంటే కాలేజీలో సభ్యత్వం తీసుకున్న అమ్మాయిలు ఆ తర్వాత జీవితమంతా అక్కచెల్లెళ్ళుగా మెలిగే సంఘం. ఈ దేశంలో ఇది పాత వ్యవస్థ. ఇరవై ఆరు సొరోరిటీలకు ఉమ్మడి వేదిక అయిన నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ 1902లో మొదలైంది. నల్లజాతి విద్యార్థుల సంఘాలు 1930లో హోవార్డ్ యూనివర్సిటీలో తమ మండలి పెట్టుకున్నాయి. దక్షిణాసియా అమ్మాయిల సొరోరిటీలు 1990ల చివర్లో వచ్చాయి. నా దగ్గరికి వచ్చిన సంఘం ఈ మూడో కోవది. పదికి పైగా కాలేజీల్లో చాప్టర్లు, అంటే శాఖలు, ఉన్నాయి. సొంత భవనాల్లేవు, జీతాల ఉద్యోగులు లేరు, పనంతా పూర్వ సభ్యులే చూసుకుంటారు.

పన్ను చట్టం దృష్టిలో ఇలాంటి చోట ఒకే ఇంట్లో రెండు పొయ్యిలుంటాయి. సొరోరిటీ 501(సి)(7) కింద వచ్చే సోషల్ క్లబ్. దానికిచ్చే విరాళానికి దాతకు పన్ను మినహాయింపు రాదు. పక్కనే అదే పేరుతో ఫౌండేషన్ ఉంటుంది, అది 501(సి)(3). దానికిస్తే మినహాయింపు ఉంటుంది కానీ ఆ డబ్బు చదువుకు, సేవకు తప్ప పార్టీకి, సంఘం సొంత సంప్రదాయ క్రతువులకు వాడకూడదు. ఈ రెండు పొయ్యిల తేడా తెలియకపోవడం వల్ల వచ్చే తలనొప్పులే నా పనిలో సగం.

ఈ సంఘం ఏటా సెప్టెంబరులో చాప్టర్ల పదాధికారులు డెబ్బై మందిని పిలిచి మూడు రోజుల నాయకత్వ శిక్షణ పెడుతుంది. ఖర్చు దాదాపు 42,000 డాలర్లు, అంటే మనిషికి ఆరు వందలు. హోటల్ ధరలు పెరిగాక చాప్టర్లు భరించలేకపోయాయి. స్కాలర్‌షిప్ మీద చదివే పిల్లలు రావడం మానేశారు. ఎక్కువ కష్టపడి సంఘాన్ని నడిపేది సాధారణంగా వాళ్ళే.

వచ్చిన సమస్య

2023 వేసవిలో ఫౌండేషన్ ట్రెజరర్ ఫోన్ చేసింది. మన తెలుగమ్మాయే. "అక్కా, మూడేళ్ళపాటు ఏటా ఇరవై వేలు ఇస్తామంటున్నారు. మీరు ఒక్కసారి కాగితం చూస్తే సంతకం పెట్టేస్తాం," అంది. ఇస్తానన్నది విద్యార్థుల ఖాతాలు, సంఘాల చందా వసూళ్ళు యాప్‌లో నడిపే ఒక ఫిన్‌టెక్ (సాంకేతికతతో ఆర్థిక సేవలందించే) కంపెనీ. ఉత్తరం పై భాగమంతా మహిళా నాయకత్వం, సామాజిక బాధ్యత గురించే. ఎనిమిదో పేజీ అనుబంధంలో అసలు షరతులు నాలుగున్నాయి. సభ్యుల జాబితా ఫోన్ నంబర్లతో సహా ఇవ్వాలి. చాప్టర్ల చందా వసూళ్ళన్నీ వాళ్ళ యాప్‌లోనే జరగాలి. డబ్బు నిర్వహణ పాఠం వాళ్ళ సిబ్బందే చెప్పాలి. సభ్యురాలు తెరిచే ఒక్కో కొత్త ఖాతాకు ఆ చాప్టర్‌కు పాతిక డాలర్లు ఇస్తారు.

ఆ కాగితం కంపెనీ దాతృత్వ విభాగం నుంచి రాలేదు. కింద ఉన్న హోదా చదివితే భాగస్వామ్యాలు, వృద్ధి విభాగం అని ఉంది. అప్పుడు చదివి వదిలేశాను. అక్కడే ఆగి ఆలోచించి ఉంటే ఏడాది కలిసొచ్చేది.

మొదటి దారి

ట్రెజరర్ మొదట అనుకున్నది తేలికైన దారి: డబ్బు నేరుగా సొరోరిటీ ఖాతాలో వేసుకుని స్పాన్సర్‌షిప్ అని రాసుకోవడం. నేను కాదన్న కారణం లెక్కలో ఉంది. సోషల్ క్లబ్‌కు సభ్యులు కానివాళ్ళ నుంచి వచ్చే రాబడి మొత్తం రాబడిలో 35 శాతం లోపు ఉండాలన్నది పద్ధతి. దాటితే వెంటనే హోదా పోదు కానీ పరిస్థితులన్నీ వివరించి నిరూపించుకునే భారం మీద పడుతుంది. ట్రెజరర్ పంపిన షీటులో సభ్యుల రాబడి 1,10,000 అని ఉంది. అందులో 14,000 కొత్త సభ్యుల ప్రవేశ రుసుము. ఈ లెక్కలో ప్రవేశ రుసుము కలపకూడదు. అది తీసేస్తే మిగిలింది 96,000. బయటి రాబడి, అంటే సాంస్కృతిక ప్రదర్శన టికెట్లు, టీషర్టుల రాయల్టీ, బ్యాంకు వడ్డీ, అన్నీ కలిపి అప్పటికే 31,000. పైన ఇరవై వేలు చేరితే 1,47,000లో 51,000. అంటే 34.7 శాతం. ఆ ఏడాది వంద మంది ఖాతా తెరిస్తే వచ్చే 2,500తో గీత దాటుతుంది.

ఆ అంకె ఫోన్లో చెప్పినప్పుడు ట్రెజరర్ కాసేపు మాట్లాడలేదు. గీత సంగతి అటుంచినా, సభ్యులు కానివాళ్ళ నుంచి వచ్చే ఆ రాబడి మీద, ఖర్చులు పోగా మిగిలిన దానికి 21 శాతం కార్పొరేట్ పన్ను కట్టాలి. నేరుగా తీసుకోవడం అలా పక్కకు పోయింది.

రెండో దారి, నా తప్పు

ఇక ఫౌండేషన్ ద్వారా తీసుకోవడం. ఇక్కడ చట్టం స్పష్టంగానే ఉంది. దాత పేరు, లోగో చూపించి కృతజ్ఞతలు చెబితే అది మామూలు స్పాన్సర్‌షిప్, పన్ను లేదు. "ఈ యాప్ వాడండి, మిగతావాటికన్నా మేలు" అన్నారంటే ప్రకటన. వాళ్ళ సేవే వాడాలని ఒప్పుకున్నా ఆ మేరకు ప్రతిఫలం ఇచ్చినట్టే లెక్క. అందుకని యాప్ తప్పనిసరి అన్న షరతు తీయించాను. జాబితా బదులు, ఇష్టమైనవాళ్ళు తమ నంబరు తామే ఇచ్చేలా మార్పించాను. ఫౌండేషన్ నుంచి శిక్షణకు వెళ్ళే గ్రాంటు చదువు గంటలకే అని రాయించాను.

పాతిక డాలర్ల షరతును మాత్రం ఉండనిచ్చాను. అది ఫౌండేషన్‌కు రాదు, నేరుగా చాప్టర్లకు పోతుంది, మొత్తం చిన్నది, పన్ను లెక్కలో పెద్ద తేడా రాదు. పైగా ఐచ్ఛికం అని కాగితంలో ఉంది. పన్ను సలహాదారుగా నా పరిధి అంతేనని అనుకున్నాను. నా పరిధి కాగితం వరకే ఉండొచ్చు గానీ, ఆ కాగితం కాలేజీ గదిలోకి వెళ్ళాక ఏమవుతుందో ఊహించగల అనుభవం నాకుంది. ఆ అనుభవాన్ని వాడలేదు.

2009లో హైదరాబాద్‌లో సీఏ ఆర్టికల్స్ చేస్తూ ఒక ఆడిట్ పని మీద పల్లెలకు వెళ్ళేదాన్ని. ఒకచోట పొదుపు సంఘం మీటింగు జరుగుతుంటే సూక్ష్మరుణ సంస్థ ఏజెంటు మూలన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అతను ఒక్క మాటా అనలేదు. వాయిదా కట్టలేని మనిషిని మిగతా తొమ్మిది మంది ఆడవాళ్ళే నిలదీశారు. "నీ వల్ల మాకు అప్పు పుట్టదు" అని ఆమె పక్కింటావిడే అంది. ఆమె చెవి కమ్మలు తీసి చాప మీద పెట్టింది. మరుసటి ఏడాది అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణాల మీద ఆర్డినెన్సు తెచ్చింది. చాప మీది ఆ కమ్మలు ఇప్పటికీ నా కళ్ళ ముందున్నాయి. ఆడవాళ్ళు ఒకరినొకరు నమ్మి కట్టుకున్న సంఘాన్నే వసూలు యంత్రంగా వాడుకోవడం నేను చూశాను. చూసి కూడా పాతిక డాలర్ల షరతు కింద సంతకానికి సరే అన్నాను.

ఏం విఫలమైంది

2023 సెప్టెంబరు శిక్షణ బాగా జరిగింది. ఆరు నెలల తర్వాత, కొత్త సభ్యులు చేరే కాలంలో, ఒక చాప్టర్ సలహాదారు నాకు స్క్రీన్‌షాట్ పంపింది. గ్రూపులో చాప్టర్ ప్రెసిడెంట్ పెట్టిన మెసేజీ: పదకొండు మంది పేర్లు, ఏడు పేర్ల పక్కన టిక్కులు, కింద "మిగిలిన నలుగురూ ఈ రాత్రి పదకొండులోపు ఖాతా తెరవండి, మన చాప్టర్ రెండో స్థానంలో ఉంది, అక్కలను తల దించుకునేలా చేయకండి." చాప్టర్ల మధ్య ఆ పోటీ పట్టిక కంపెనీయే పంపుతోంది. ఒప్పందంలో అలాంటి పట్టిక ఊసే లేదు. పంపకూడదని కూడా లేదు.

ఆ ప్రెసిడెంట్‌ను నేను తప్పుపట్టలేను. ఆమెకు ఇరవై ఏళ్ళు. చాప్టర్‌కు బస్సు ఖర్చులు కావాలి. ఒక్కో టిక్కూ పాతిక డాలర్లు.

టిక్కు లేని నలుగురిలో ఒకమ్మాయి ఆ రాత్రే ఖాతా తెరిచింది. ఆ ఖాతాలో ముందస్తు నగదు సదుపాయం ఉంది. పుస్తకాలకని 80 డాలర్లు తీసుకుంది, వెంటనే కావాలంటే రుసుము 5.99. తొమ్మిది రోజుల్లో తిరిగి కోత పడింది. ఖాతా ఖాళీ అయింది కాబట్టి మళ్ళీ తీసుకుంది. రెండు నెలల్లో ఐదుసార్లు. వడ్డీ అనే మాట యాప్‌లో ఎక్కడా లేదు. కానీ 80 మీద తొమ్మిది రోజులకు 5.99 అంటే మన ఊరి లెక్కలో నూటికి నెలకు పాతిక రూపాయల వడ్డీ. సలహాదారుకు ఈ మాటే చెప్పాను. ఆవిడా మన ప్రాంతం మనిషే, వెంటనే అర్థమైంది.

చట్టం దీన్ని ఆపలేదా అని ట్రెజరర్ అడిగింది. 2009 నాటి క్రెడిట్ కార్డు చట్టం ఇరవై ఒక్కటి నిండనివాళ్ళకు సొంత ఆదాయమో పెద్దల పూచీయో లేకుండా కార్డు ఇవ్వొద్దంది, క్యాంపస్‌లో బహుమతులు ఎరవేసి దరఖాస్తులు రాయించుకోవడాన్ని నిషేధించింది. ఆ చట్టం వచ్చిందే టీషర్టుకీ పిజ్జాకీ పిల్లల చేత కార్డులు తీయించిన కాలం చూసి. కానీ ఈ ఉత్పత్తి పేరు క్రెడిట్ కార్డు కాదు, బహుమతి అందుకుంటున్నది అమ్మాయి కాదు, ఆమె చాప్టర్. అందుకే అది ఆ చట్టం వలలో పడలేదు.

ఈలోగా 2024 మే వచ్చింది. ఫిన్‌టెక్ యాప్‌లకూ బ్యాంకులకూ మధ్యవర్తిగా ఉన్న సినాప్స్ ఏప్రిల్‌లో దివాలా పిటిషన్ వేసింది, మే నెలలో లక్షమందికి పైగా ఖాతాదారుల డబ్బు స్తంభించిపోయింది. ఖాతాదారులకు రావలసిన సుమారు 26.5 కోట్ల డాలర్లకూ బ్యాంకుల్లో ఉన్నదానికీ మధ్య 6.5 నుంచి 9.6 కోట్ల డాలర్ల తేడా ఉందని దివాలా కేసు చూసే ట్రస్టీ కోర్టుకు చెప్పారు. ఎఫ్‌డీఐసీ, అంటే ఇక్కడి ప్రభుత్వ డిపాజిట్ బీమా సంస్థ, ఇచ్చే బీమా బ్యాంకు మునిగితే ఆదుకుంటుంది, మధ్యలో ఉన్న యాప్ సంస్థ మునిగితే కాదు. చాలామందికి ఆ తేడా అప్పుడే తెలిసింది. మనతో ఒప్పందమున్న కంపెనీకి సినాప్స్‌తో సంబంధం లేదు. అయినా మూడు చాప్టర్లు స్వచ్ఛందంగా చందాలు ఆ యాప్‌లోనే పెట్టుకున్నాయి. డబ్బు ఏ బ్యాంకులో, ఎవరి పేరున ఉందని అడిగితే జవాబు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ట్రెజరర్ రోజూ నాకు ఫోన్ చేసేది.

ఏం పనిచేసింది

జూన్‌లో బోర్డు కూర్చుంది. ఒప్పందం రద్దు చేసుకుందామన్నవాళ్ళు కొందరు. నేను వద్దన్నాను. శిక్షణ ఆగిపోతే ముందు నష్టపోయేది ఆ ఎనభై డాలర్లు తీసుకున్న అమ్మాయిలాంటివాళ్ళే. అదీగాక, కంపెనీలో సామాజిక బాధ్యత గురించి నిజంగా పట్టింపు ఉన్న మనుషులుంటే వాళ్ళతో మాట్లాడకుండానే తలుపు మూయడం అవుతుంది. అందుకే వృద్ధి విభాగాన్ని దాటి దాతృత్వ విభాగంతో మాట్లాడతామని రాశాం. ఆ ఒక్క మార్పుతో సంభాషణ తీరే మారిపోయింది. వృద్ధి విభాగం ఎన్ని ఖాతాలని అడిగేది. వీళ్ళు ఎంతమంది ట్రెజరర్లు శిక్షణ పొందారు, ఏం నేర్చుకున్నారని అడిగారు. ఏ బడ్జెట్ నుంచి డబ్బు వస్తుందో ఆ బడ్జెట్ ప్రశ్నలే వెంట వస్తాయి.

ఇరవై వేలు పన్నెండు వేలకు తగ్గింది. ఖాతాకు పాతిక పోయింది, పోటీ పట్టిక పోయింది. నంబర్లు తీసుకునే ఫారం కూడా పోయింది. జాబితా దగ్గర బోర్డు గట్టిగా నిలబడింది, అందుకు కారణం ఫ్రాంక్ కేసు. విద్యార్థుల ఆర్థిక సాయం దరఖాస్తుల స్టార్టప్ అది. 2021లో జేపీమోర్గాన్ దాన్ని 17.5 కోట్ల డాలర్లకు కొంది. నలభై లక్షలకు పైగా విద్యార్థులున్నారని చెప్పిన చోట నిజానికి మూడు లక్షల లోపేనని తర్వాత తేలింది. వ్యవస్థాపకురాలు చార్లీ జావిస్‌ను 2025 మార్చిలో జ్యూరీ దోషిగా తేల్చింది. మోసం సంగతి వేరే. బోర్డుకు నేను చూపించింది కొన్నవాళ్ళ వైపు లెక్క: కాలేజీ పిల్లల పేర్లు, నంబర్ల కోసం ఒక పెద్ద బ్యాంకు ఎంత పెట్టడానికి సిద్ధపడిందో చూడండి, మనం దాన్ని శిక్షణ ఖర్చులో సగం కూడా రాని మొత్తానికి ఇవ్వబోయాం.

మరి తగ్గిన ఎనిమిది వేలు? హోటల్ మానేసి ఒక యూనివర్సిటీ తరగతి గదులు తీసుకున్నాం. పిల్లలు పూర్వ సభ్యుల ఇళ్ళలో ఉన్నారు. ఒక ఇంట్లో తొమ్మిది మంది పడుకున్నారు, శనివారం పొద్దున ఆ ఇంటావిడ తల్లి అందరికీ పెసరట్లు పోసింది. పూర్వ సభ్యులు నెలకు పది, ఇరవై డాలర్ల చొప్పున ఫౌండేషన్‌కు ఇవ్వడం మొదలుపెట్టారు.

శిక్షణ కార్యక్రమాన్ని గంటల వారీగా విడగొట్టాం. పద్నాలుగు గంటల్లో తొమ్మిదిన్నర గంటలు చదువు కిందికి వచ్చాయి, అంటే 68 శాతం. ఫౌండేషన్ డబ్బు ఆ వాటాకే. క్రతువు, భోజనం, డాన్సుల ఖర్చు సొరోరిటీ చందాల నుంచి. ప్రతి సెషన్‌కు హాజరు పట్టీ, పాఠం కాగితం దాచాం.

డబ్బు పాఠం కంపెనీ చెప్పలేదు. స్థానిక క్రెడిట్ యూనియన్ (సభ్యులే యజమానులైన సహకార బ్యాంకులాంటిది) నుంచి ఒకరు, పూర్వ సభ్యుల్లో బ్యాంకు ఆడిటర్ ఒకరు చెప్పారు. ముందస్తు నగదు రుసుమును వడ్డీగా మార్చే లెక్క పిల్లల చేతే చేయించాం. ఒకమ్మాయి ఏడాదికి మూడు వందల శాతం అని రాసి, దశాంశం తప్పు పడిందేమోనని కొట్టేసి మళ్ళీ చేసింది. మళ్ళీ అదే వచ్చింది. ఆ గదిలో అప్పుడు కలిగిన నిశ్శబ్దం ఏ ఉపన్యాసంతోనూ రాదు.

చందాల యాప్ ఎంపికను దాత విషయంతో కలపకుండా వేరే కమిటీకి ఇచ్చాం. ఆ కమిటీలో ఫౌండేషన్ వాళ్ళెవరూ లేరు. వాళ్ళు వేరే సంస్థను ఎంచుకున్నారు. అయినా దాత డబ్బు ఆపలేదు. ఆ సంగతి నాకు చాలా సంతోషం కలిగించింది.

ఇలాంటి సంఘాలు సొంత ఆర్థిక సంస్థే పెట్టుకోవచ్చు కదా అని కొందరన్నారు. నల్లజాతి మహిళల సొరోరిటీ ఆల్ఫా కప్పా ఆల్ఫా 2023లో తన సభ్యుల కోసం డిజిటల్ క్రెడిట్ యూనియన్‌కు చార్టర్, అంటే అనుమతి, తెచ్చుకుంది. అది 1908లో పుట్టిన, మూడు లక్షలకు పైగా సభ్యులున్న సంఘం. కొన్ని వందల మందితో నడిచే సంఘానికి ఆ మోయలేని బరువు ఎత్తుకోమని నేను చెప్పలేదు.

నేర్చుకున్నవి

నా పని తీరు రెండు చోట్ల మారింది. ఇలాంటి ఒప్పందం వస్తే ముందు సంతకం కింది హోదా చూస్తాను, ఆ తర్వాతే అంకెలు. ఇక ఐచ్ఛికం అన్న మాట కనిపిస్తే, దాన్ని వద్దనాల్సిన మనిషి ఎవరు, ఎవరి ముందు వద్దనాలి అని అడుగుతాను. కొత్తగా చేరిన పద్దెనిమిదేళ్ళ అమ్మాయి తన బిగ్ సిస్ (సంఘంలో తనకు అక్కగా ఉండే సీనియర్) ముందు వద్దనాల్సి వస్తే ఆ పని ఐచ్ఛికం కాదు. పన్ను లెక్క సరిపోయిందన్నది అవసరమే, దాని తర్వాత ఇంకో ప్రశ్న మిగిలి ఉంటుంది: ఈ డబ్బు తెచ్చేది అక్కల మాట మీద చెల్లెళ్ళకున్న నమ్మకమా, కాదా. దానికి ఏ ఫారంలోనూ గడి లేదు, మనమే అడగాలి.

ఖాతా తెరిచిన ఆ అమ్మాయికి రుసుములు తిరిగి ఇప్పించమని రాస్తే కంపెనీ దాతృత్వ విభాగమే పూనుకుని ఇప్పించింది, 29.95 డాలర్లు. సలహాదారు ఆమె దగ్గర కూర్చుని ఖాతా మూయించింది.

తేలని సంగతి ఒకటుంది. దూరపు చాప్టర్లు రెండు 2025 శిక్షణకు కూడా పూర్తి జట్టుతో రాలేకపోయాయి. విమాన టికెట్లకు ఫౌండేషన్ డబ్బు చదువు వాటా మేరకే వాడగలం, మిగతాది చాప్టరే పెట్టుకోవాలి, వాళ్ళ దగ్గర లేదు. దాని మీద ట్రెజరర్, నేను ఇంకా పని చేస్తున్నాం.